చుక్కలు, మాత్రలు

మా అమ్మమ్మ ముఖం నిండా స్ఫోటకపు మచ్చలు ఉండేవి. చిన్నప్పుడు ఆవిడ ఒళ్లో పడుకుని ఆ గుంటలను వేలితో తడుముతూ లెక్కపెట్టేదాన్ని. నా లెక్క ఎప్పుడూ చెంప దాటేది కాదు, ఈలోగా నిద్ర వచ్చేసేది. ఆరో ఏట తనకు అమ్మవారు పోసిందని, గుమ్మానికి వేపమండలు కట్టి తనను అరటాకు మీద పడుకోబెట్టారని, ఆ విడతలోనే తన తమ్ముడు పోయాడని ఆవిడ చెప్పేది. అంతకు కొన్ని నెలల ముందే టీకాలు వేసే ఆయన ఊళ్లోకి వచ్చాడట. అమ్మవారికి కోపం వస్తుందన్న భయంతోనూ, దూడ ఒంటి చీము మనిషి ఒంట్లోకి ఎక్కిస్తారన్న రోతతోనూ పెద్దవాళ్లు పిల్లలందరినీ ధాన్యపు గాదె వెనక దాచేశారట. "వాడు ఏడిస్తే వీధిలోకి వినబడుతుందని, ఆ చీకట్లో మా తమ్ముడి నోరు నేనే మూశానే" అని చెప్పి, ఆ తరువాత అమ్మమ్మ చాలాసేపు మాట్లాడేది కాదు.

మనిషిని ముందుకు నడిపించింది కవిత్వమా, శాస్త్రమా, చిత్రకళా అన్న చర్చ నేను ఈ వయసుకు ఎన్నో సభలలో విన్నాను. ఆ చర్చ మొదలైనప్పుడల్లా నా మనసు ఆ గాదె వెనక చీకట్లోకి వెళ్లిపోతుంది. జెన్నర్ అనే వైద్యుడు ఇంగ్లండులో మొదటి టీకా వేసింది 1796లో. అమ్మమ్మకు అమ్మవారు పోసేనాటికి ఆ విద్య పుట్టి నూరేళ్లు దాటింది. అది సముద్రాలు దాటి, ఓడ దిగి, మట్టిరోడ్ల మీద నడిచి మా ఊరి వీధి దాకా వచ్చింది. వీధిలోంచి గాదె వెనక్కి ఉన్న పది గజాలూ దాటలేకపోయింది. ఆ పది గజాలను ఏది దాటించగలదో నేను పధ్నాలుగో ఏట కళ్లారా చూశాను. దాన్ని చెప్పడానికే ఈ జ్ఞాపకాలన్నీ.

మాది కోనసీమలో కాలవ ఒడ్డున ఉన్న ఊరు. మా తాతయ్య తెల్లవారకముందే రేవులో దిగి స్నానం చేసేవాడు. సంకల్పం చెప్పుకునేటప్పుడు నదుల పేర్లు, ఋషుల పేర్లు అయ్యాక, "కాటనుం తం భగీరథం" అని ముగిసే శ్లోకం చదివి నీళ్లు వదిలేవాడు. కాటన్ అంటే ఎవరో మహర్షి అనుకున్నాను నేను చాలాకాలం. కరువులకూ వరదలకూ ఒకేలా చిక్కిన ఈ నేల మీద ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టించిన ఇంజినీరు ఆర్థర్ కాటన్ అని, 1847లో మొదలైన ఆ పని 1852లో ముగిసిందని బడిలో చదివాను. పి.గన్నవరం దగ్గర వైనతేయ నది మీదుగా కాలవనే వంతెన ఎక్కించిన అక్విడక్టు కూడా ఆ కాలానిదే. అడుగున ఏరు, పైన కాలవ. రెండు నీళ్లూ ఒకదాన్నొకటి తాకకుండా పోతుంటే పడవలో కూర్చుని చూసిన పిల్లలెవరూ ఆ దృశ్యాన్ని మరిచిపోలేరు. నేల వాలును అంగుళాలతో కొలిచి, నీరు తనంతట తానే పల్లానికి వెళ్లేలా ఇన్ని వందల మైళ్ల కాలవలు గీసిన మనిషి తన లెక్కలన్నీ ఇంగ్లీషు నివేదికలలో రాశాడు. మా ఊళ్లో ఆ నివేదికలు చదివినవారు ఒక్కరూ లేరు. శ్లోకం మాత్రం అందరికీ నోటికి వచ్చు. ఒక ఆంగ్లేయుడి లెక్కను మా తాతయ్య స్నానంలోకి, ఆచమనంలోకి తెచ్చింది రెండే రెండు పంక్తుల శ్లోకం.

ఇక అమ్మమ్మ ముగ్గుల సంగతి. ఆవిడకు అక్షరం రాదు. ధనుర్మాసం వచ్చిందంటే మాత్రం వాకిలంతా ఆవిడ చేతి కిందకు వచ్చేసేది. పేడనీళ్లు చల్లిన నేల ఇంకా తడిగా ఉండగానే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి బియ్యప్పిండి జారవిడుస్తూ చుక్కలు పెట్టేది. ఆవిడకు ఇష్టమైనది పదిహేను నుంచి ఎనిమిది వరకు సందుచుక్క. మధ్య వరుసలో పదిహేను, దాని పైనా కిందా పధ్నాలుగు, ఆపైన పదమూడు, అలా తగ్గుతూ ఎనిమిది దగ్గర ఆగుతుంది. కొలబద్ద లేదు, దారం లేదు. ఒక్క చుక్క పక్కకు జరిగినా చివర మెలిక మూసుకోదని ఆవిడకు తెలుసు. అందుకే చుక్కలు పెట్టేటప్పుడు ఎవరు పలకరించినా పలికేది కాదు.

మా సైన్సు మాష్టారు రోజూ మా వాకిలి ముందునుంచే బడికి వెళ్లేవారు. ఆయన రెండు సంగతులకు ఊళ్లో పేరున్నవారు. ఒకటి, ఆయన చెప్పే సైన్సు పాఠం. రెండు, పండగలకు వేసే పద్యనాటకాలలో ఆయన రాగం తీసి చదివే పద్యం. ఒక జనవరి ఉదయం ఆయన సైకిలు ఆపి, అమ్మమ్మ ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను పిలిచి, "ఇందులో చుక్కలెన్ని ఉన్నాయో సాయంత్రానికి చెప్పమ్మా" అన్నారు. నేను ఒక్కొక్కటే లెక్కపెట్టాను. నూట అరవై తొమ్మిది. సాయంత్రం చెబితే ఆయన నవ్వి, అన్ని చింతపిక్కలు ఏరుకురమ్మన్నారు. అరుగు మీద ముందు ముగ్గులాగే ఆరు మూలలుగా పేర్పించారు. తరువాత వాటినే వరుసకు పదమూడు చొప్పున పేర్చమన్నారు. పదమూడు వరుసలు వచ్చాయి. ఒక్క పిక్క మిగల్లేదు, ఒక్కటి తక్కువ కాలేదు. ఆరు మూలల ముగ్గు నా చేతికింద నాలుగు మూలల పలక అయిపోయింది. నేను కేక వేశాను. అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, "అయితే ఏం, దీనికి అందం లేదు కదా" అంది. మాష్టారు ఆ మాటకు ఎంతో సంతోషించారు. అన్ని ముగ్గులకూ ఇలా కుదరదని, పదమూడు నుంచి ఏడు వరకు పెట్టి చూస్తే తెలుస్తుందని చెప్పి వెళ్లిపోయారు. పెట్టి చూశాను. నూట ఇరవై ఏడు. అది ఎలా పేర్చినా నలుచదరం కాలేదు. ఒకటి ఎందుకు కుదిరిందో, మరొకటి ఎందుకు కుదరలేదో అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. అలాంటి రాత్రి నా జీవితంలో అదే మొదటిది.

ఆ ఏడాదే తెలుగు తరగతిలో కందపద్య లక్షణం కంఠస్థం చేయించారు. గగ, భ, జ, స, నల అనే గణాలే ఉండాలి, ఆరో గణం నలమో జగణమో కావాలి, బేసి గణం జగణం కాకూడదు. పాఠం అప్పజెప్పాను గానీ, ఆ ఐదు గణాలే ఎందుకని ఎవరినీ అడగలేదు. అడగవచ్చన్న ఆలోచనే రాలేదు. నేను రేవు మెట్ల మీద కూర్చుని లక్షణం వల్లిస్తుంటే మాష్టారు కాలవలో కాళ్లు కడుక్కుంటూ విని, "ఎందుకు ఐదే? ఆరో గణం ఎందుకు లేదు?" అని అడిగారు. నేను తెల్లబోయాను.

ఆయన పాఠం మెట్ల మీదే మొదలైంది. ఒక్కో అడుగుకు ఒక మెట్టు ఎక్కవచ్చు, లేదా రెండు మెట్లు దాటవచ్చు. మెట్టు ఒకటే ఉంటే ఎక్కే దారి ఒకటి. రెండు మెట్లుంటే రెండు దారులు. మూడుంటే మూడు. నాలుగుంటే? నేను గెంతి గెంతి చూశాను, ఐదు వచ్చాయి. "లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. నాలుగు మాత్రలను నింపడానికి దారులు ఐదే ఉన్నాయి. రెండు గురువులు గగ. గురువు ముందొస్తే భ, మధ్యనొస్తే జ, చివరనొస్తే స. అన్నీ లఘువులైతే నల. కందం కట్టినవాడు ఒక్కటి కూడా వదిలిపెట్టలేదు" అన్నారు. కంఠస్థం చేసిన ఆ ఐదు పేర్లూ ఒక్కసారిగా నాకు కనబడ్డాయి. ఆ మాటను మరోలా చెప్పలేను. అంతకుముందు అవి వినబడేవి, ఆ సాయంత్రం కనబడ్డాయి.

మా రేవుకు పదకొండు మెట్లు. వాటిని ఎక్కే దారులు నూట నలభై నాలుగు. ఆఖరి అడుగు ఒక మెట్టు అయితే అంతకుముందు పది మెట్లు ఎన్ని విధాల ఎక్కామో అన్ని, రెండు మెట్లు అయితే తొమ్మిది మెట్లు ఎన్ని విధాల ఎక్కామో అన్ని. అందుకే ఏ అంకె అయినా తన ముందున్న రెండింటి మొత్తమే అవుతుంది. యూరపులో ఈ వరుసను 1202లో తన గ్రంథంలో రాసిన ఫిబొనాచి పేరుతో పిలుస్తారని, అంతకు సుమారు యాభై ఏళ్ల ముందే హేమచంద్రుడనే జైన పండితుడు ఛందస్సు చెబుతూ ఈ లెక్కే రాశాడని మాష్టారు చెప్పారు. ఫిబొనాచి చెప్పింది కుందేళ్ల సంతానం గురించి, హేమచంద్రుడు చెప్పింది పద్యపాదం గురించి. రాజమహేంద్రవరంలో నన్నయ భారతం తెలుగు చేసినట్టే, తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితాన్ని పావులూరి మల్లన అనే కవి తెలుగు పద్యాలలోకి తెచ్చాడని కూడా ఆ మెట్ల మీదే విన్నాను. లెక్క పద్యంలో ఉంటే పిల్లవాడి నాలుక మీద నిలుస్తుందని, నిలిచిన లెక్కను వాడు ఎప్పుడో ఒకప్పుడు అర్థం చేసుకోక తప్పదని మాష్టారి నమ్మకం. నా నమ్మకం కూడా అదే. అర్థం కాని పద్యాన్ని కంఠస్థం చేయించడం దండగ అనేవారితో నేను ఇప్పటికీ ఏకీభవించను. అయితే, ఎందుకని అడిగే మాష్టారు ఒకరు ఉండి తీరాలి.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. డెల్టాలో పుట్టినవారికి బోదకాలు గురించి నేను చెప్పనక్కర్లేదు. మా దొడ్డమ్మకు ఎడమకాలు ఏనుగు కాలులా ఉండేది. పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది, చీర కుచ్చెళ్లు నేలమీద ఈడ్చుకుంటూ నడిచేది. కాలవ నీళ్లు మాకు అన్నం పెట్టాయి, ఊరి మురుగులో నిలిచిన నీళ్లు దోమలను పెంచాయి. ఫైలేరియా సిబ్బంది రాత్రి తొమ్మిది దాటాక ఊళ్లోకి వచ్చేవారు. లాంతరు, గాజుపలకలు, సూదులు, స్పిరిటు దూది. మనుషులను నిద్ర లేపి, వేలి చివర పొడిచి, చుక్క రక్తం పలక మీద పట్టుకునేవారు. నడిరాత్రి వచ్చి నెత్తురు తీసుకుపోయేవారిని ఏ ఊరు నమ్ముతుంది? తలుపులు వేసుకునేవారు, చేలగట్ల మీదకు పోయేవారు, పిల్లలను దాచేసేవారు. ఏ గాదె వెనక దాచారో నేను వేరే చెప్పనక్కర్లేదు.

1973లో సిబ్బంది వస్తున్నారని తెలిసి, మాష్టారు ఆ సాయంత్రం రామాలయం ముందు పెట్రోమాక్సు దీపం పెట్టించి, హార్మోనియం తెప్పించారు. నాటకమేమో అనుకుని ఊరంతా చేరింది. ఆయన నాటకంలో పద్యాలు రెండు చదివి, జనం మళ్లీ మళ్లీ అని అడుగుతుండగా, తాను కట్టిన కందం ఎత్తుకున్నారు.

దోమల పురుగులు నెత్తుట
గ్రామము నిద్దుర మునుగగ కదలాడునయా
ఏమరక చుక్క నెత్తురు
సేమము కోరుచు నొసగిన చింతలు దీరున్

గొప్ప కవిత్వమని నేను అనను. కానీ ఆ రోగం గుట్టు మొత్తం ఆ రెండో పాదంలో ఉంది. బోదకాలు పురుగు పిల్లలు పగలు లోపలి అవయవాలలో ఉండి, మనిషి నిద్రపోయే వేళకు పైచర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. కుట్టే దోమ తిరిగే వేళా అదే. అందుకే పగలు తీసిన రక్తంలో అవి సాధారణంగా కనబడవు, రాత్రి తీసినదాంట్లో కనబడతాయి. సిబ్బంది అంతకుముందు ఎన్నిసార్లు వచ్చినా ఎవరూ జనానికి చెప్పని సంగతి ఇదే. పద్యం చదివాక మాష్టారు దాని అర్థం విప్పి చెప్పారు. "దొంగ రాత్రి పూట తిరిగేవాడైతే పోలీసు పగలు వచ్చి ఏం చేస్తాడండి?" అన్నారు. ఎవరో వెనకనుంచి "ఆయ్, నిజమేనండి" అన్నారు. తరువాత ఆయన అదే కందాన్ని మోహన రాగంలో మరోసారి చదివారు.

ఆ రాత్రి మా గుమ్మం ముందు లాంతరు ఆగినప్పుడు తాతయ్య తటపటాయించాడు. మాష్టారు సిబ్బంది వెనక నిలబడి ఉన్నారు. అమ్మమ్మ మంచం దిగి వచ్చి, ముంగిట్లో పీట వేసుకుని కూర్చుని, ఎడమచేతి వేలు చాపింది. సూది పొడిచినప్పుడు ముఖం తిప్పుకోలేదు. చుక్క ఎర్రగా ఉబికి గాజుపలక మీద పడేదాకా చూస్తూనే ఉంది. "మాష్టారూ, ఆ రోజుల్లో టీకాలాయన ఒక్క పద్యం చదివినా మా అమ్మ మమ్మల్ని దాచేది కాదండి" అంది. మాష్టారు జవాబు చెప్పలేకపోయారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం నేను చూశాను.

పది గజాలు అని మొదట అన్నాను. అవి ఆ రాత్రి దాటాము. శాస్త్రం కనిపెట్టిన సంగతిని కవిత్వం ఇంటింటికీ మోసుకుపోతుందని, కాబట్టి కవిత్వం శాస్త్రానికి బంట్రోతు అని చెప్పడం నా ఉద్దేశం కాదు. మాష్టారికి ఆ కందం రాయడం చాతనైంది ఎందుకంటే, పురుగు రాత్రి మాత్రమే కదులుతుందన్న వింత ఆయనను ముందు కవిగా పట్టుకుంది. ఊరు నిద్ర మునిగినప్పుడు ఒంట్లో ఏదో మేలుకుంటుందన్న చూపు లేనివాడికి ఆ పద్యం రాదు. ఆ చూపు ఉన్నవాడే సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, పగటి రక్తంలో కనబడనిది రాత్రి రక్తంలో ఎందుకు కనబడుతోందని ఆలోచిస్తాడు. అది ఒకే చూపు.

కొన్ని వారాలకు దొడ్డమ్మ కొడుకుకు మాత్రలు ఇచ్చారు. డైఇథైల్ కార్బమజైన్ అని ఆ చీటీ మీద ఉంది. ఆ మందును అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో బయటికి తెచ్చిన బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు అని, ఆయన 1895లో మన భీమవరంలోనే పుట్టాడని మాష్టారు తరగతిలో చెప్పారు. వశిష్ఠ గోదావరి పాయకు అవతలి ఒడ్డున పుట్టిన మనిషి! చదువులో తడబడి, అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల వ్యాధికి పోగొట్టుకుని, వైద్యం చదివి, అమెరికా వెళ్లి, ఆ జబ్బుకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయించి, 1948లో అక్కడే కన్నుమూశాడు. దొడ్డమ్మ కాలు మామూలు కాలేదు. అంతగా వాచిన కాలును ఏ మాత్రా వెనక్కి తేలేదు. ఆవిడ కొడుకు కాలు మాత్రం వాయలేదు. ఆ రోజే నాకు మాత్ర అనే మాట తట్టింది. పద్యంలోనూ మాత్రే, చీటీలోనూ మాత్రే. రెండింటికీ మూలార్థం ఒకటే, కొలత.

తరువాత నా చదువు రెండుగా చీలింది. అమలాపురంలో ఇంటర్మీడియెట్‌లో చేరేటప్పుడు సైన్సు గ్రూపు తీసుకున్నాను. పద్యాలు పట్టుకుంటే డాక్టరు సీటు రాదని అక్కడి అధ్యాపకులొకరు చెప్పారు. సీటు ఎలాగూ రాలేదు, పద్యాలు మాత్రం మానేశాను. పదిహేనేళ్ల పిల్లను ఇటు వెళ్తావా, అటు వెళ్తావా అని గీత గీసి అడగడం తప్పని నేను అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. తరువాత నేను పాఠాలు చెప్పిన ఏళ్లలో ఆ గీత వల్ల ఎందరు పిల్లలు సగమై వచ్చారో చూశాను.

1976 నుంచి మూడేళ్లు రాజమండ్రిలో డిగ్రీ చదివాను. గోదావరి గట్టు దగ్గర దామెర్ల రామారావు పేరుతో చిత్రకళా మందిరం ఉంది. ఎండకు తలదాచుకుందామని ఒక మధ్యాహ్నం లోపలికి వెళ్లాను, తరువాత ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. రామారావు 1897లో పుట్టాడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, కవి. ఆ దొరే ఈ అబ్బాయి చేతిలోని విద్యను గుర్తించి ప్రోత్సహించాడు. కవిత్వం, నవల, బొమ్మ మూడింటినీ ఒకే చేత్తో నడిపిన అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. కాలేజీ నడిపే మనిషి కుంచె పట్టుకోవడం, కవిత్వం రాయడం ఆ ఊళ్లో అప్పుడు ఎవరికీ విడ్డూరం కాలేదు. బొంబాయిలో చదువుకుని వచ్చిన రామారావు ఇంట్లో భార్య, చెల్లెలు కూడా బొమ్మలు వేసేవారు. అంతటి చిత్రకారుడు 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే స్ఫోటకంతో చనిపోయాడు. ఆ సంగతి తెలిసిన రోజు ఆ నీటిరంగుల ముందు నేను నిలబడలేకపోయాను. బయటికి వచ్చి గట్టు మీద కూర్చున్నాను.

1978 కార్తికమాసంలో అమ్మమ్మ గోదావరి స్నానానికి వచ్చినప్పుడు ఆవిడను అక్కడికి తీసుకువెళ్లాను. బొమ్మల ముందు ఆవిడ ఎంత నెమ్మదిగా నడిచిందంటే, కాపలా ఉన్నాయన వచ్చి కూర్చోవడానికి కుర్చీ వేశాడు. ఆడవాళ్లున్న ఒక బొమ్మ దగ్గర ఆగి, గాలిలో వేలితో ఒక వంపును మొదటినుంచి చివరి దాకా తిప్పి చూసింది. ముగ్గులో మెలిక ఎక్కడ మూసుకుంటుందో చూసే తీరు అది. "చెయ్యి ఎక్కడా ఎత్తలేదే ఈ అబ్బాయి" అంది. ఆయనకు ఏమైందో చెప్పాను. తన చెంప మీద చెయ్యి వేసుకుని, "అప్పటికి వాళ్లమ్మ ఉందా?" అని అడిగింది. నాకు ఏమనాలో తోచలేదు.

మరుసటి ఏడాది వాల్తేరులో ఎం.ఎస్‌సి. జీవరసాయనశాస్త్రంలో చేరాను. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ప్రయోగం వచ్చిన రోజు, ప్రయోగ పుస్తకంలో దాని పేరు ఫిస్కే-సుబ్బారో పద్ధతి అని ఉంది. సుబ్బారో అంటే మన సుబ్బారావే. ప్రోటీన్లు తీసేసి వడకట్టిన ద్రవంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఆపైన మరో రసాయనం కొద్దిగా చేర్చితే, తేటనీళ్లలా ఉన్న గొట్టంలో నీలం మెల్లగా ఊరుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. ఆ నీలాన్ని కొలిచే యంత్రంలో ఎర్ర అద్దం పెట్టాలి, ఎందుకంటే నీలంగా కనిపించే ద్రవం మింగేది ఎర్రని వెలుతురును. రంగుకు ఎదురు రంగు ఏదో చిత్రకారుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మా తరగతిలో మాత్రం అది నేర్చుకోవడానికి ఒక గంట పట్టింది. ఈ పద్ధతి చేత పట్టుకునే ఫిస్కే, సుబ్బారావు కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తరువాత ఒంటికి శక్తినిచ్చే ఏ.టి.పి.ని గుర్తించారు. చెయ్యి కదలాలన్నా, కుంచె పట్టాలన్నా, పిండి జారవిడవాలన్నా ఖర్చయ్యేది అదే.

ఆ పద్ధతి అచ్చయిన ఏడు చూశాను. 1925. గోదావరి నీళ్లు తాగి, రెండేళ్ల తేడాలో పుట్టిన ఇద్దరిలో ఒకరు నీలాన్ని కొలిచి లోకానికి ఇచ్చిన ఏడాదే, రంగులు కలపడం ఎరిగిన రెండోవారిని స్ఫోటకం తీసుకుపోయింది. ఒకరినొకరు ఎరుగుదురో లేదో నాకు అనవసరం. నా గొట్టంలో నీలం మాత్రం ఆ రోజు నుంచి ఇద్దరిదీ.

1980 వేసవి సెలవులకు ఊరు వెళ్లాను. మాష్టారు పోయి అప్పటికి మూడేళ్లు. మే నెలలో ఒక సాయంత్రం రేడియో వార్తలలో, మశూచి వ్యాధి ప్రపంచంలో ఎక్కడా లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినట్టు చెప్పారు. మశూచి అంటే ఏమిటని అమ్మమ్మ అడిగింది. స్ఫోటకమేనని చెప్పాను. వడ్లు చెరుగుతున్న చేట కింద పెట్టింది.

"ఇంక ఎవ్వరికీ రాదా?"

"రాదు అమ్మమ్మా."

"మన ఊళ్లోనా?"

"ఎక్కడా."

చాలాసేపటికి, "మాష్టారు ఉంటే దీని మీద పద్యం కట్టేవారు" అంది. ఆ తరువాత నావైపు చూసి, "నువ్వు నేర్చుకున్నావు కదా, కట్టు" అంది. పద్యాలు మానేసి ఆరేళ్లయిందని చెప్పబోయి ఊరుకున్నాను.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక అరుగు మీద లాంతరు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి గణం భ వచ్చింది. రెండోది జగణమైంది, సరిగణం కనుక చెల్లుతుంది. ప్రాస దగ్గర ఇరుక్కుని, పాదమంతా కొట్టివేసి, మళ్లీ వేళ్ల మీద మాత్రలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగు మాత్రలకు ఐదు దారులు. ఒక్కో దారీ వెళ్లి చూశాను. నాలుగో పాదంలో చివరి గురువు కుదిరేసరికి కాలవ అవతల కోడి కూసింది. తల ఎత్తి చూస్తే అమ్మమ్మ అప్పటికే వాకిట్లో పేడనీళ్లు చల్లి, వంగి, మధ్య వరుసలో పదిహేనో చుక్క పెడుతోంది.